వరంగల్ ఎండల్లో ప్రాసెసర్ 91 డిగ్రీలకు చేరుతోంది: దీన్ని ఎక్కువ వేడి అనుకోవాలా?

ప్రశ్న (హనుమకొండ నుంచి)

అందరికీ నమస్కారం. పెళ్ళి వీడియోల ఎడిటింగ్ కోసం విడిభాగాలు కొని ఇంట్లోనే కంప్యూటర్ అమర్చుకున్నాను. ఇంటెల్ కోర్ ఐ5-12400 ప్రాసెసర్, దాని పెట్టెలోనే వచ్చిన కూలర్ (ప్రాసెసర్ మీద బిగించి దాన్ని చల్లబరిచే ఫ్యాన్), ముందు భాగమంతా గాజు పలక ఉన్న క్యాబినెట్ వాడుతున్నాను. మామూలు పనిలో ఉష్ణోగ్రత 50 డిగ్రీల దగ్గర ఉంటుంది. రెండరింగ్ (ఎడిట్ చేసిన వీడియోను తుది ఫైలుగా మార్చడం) మొదలుపెట్టాక మాత్రం 91కి చేరి అక్కడే నిలుస్తోంది. ఈ మే నెలలో మధ్యాహ్నం పూట గదిలోనే 38 డిగ్రీలు ఉంటోంది. 80 దాటితే ప్రాసెసర్ పాడవుతుందని ఒకరు, 100 వరకు చింత లేదని మరొకరు చెబుతున్నారు. కంప్యూటర్ ఇంతవరకు మధ్యలో ఆగిపోలేదు, కానీ ఇదే నా జీవనాధారం కనుక భయంగా ఉంది. ఎక్కువ వేడి అని దేన్ని చూసి నిర్ణయించుకోవాలో దయచేసి చెప్పండి.

జవాబు (కరీంనగర్ నుంచి)

అన్ని ప్రాసెసర్లకూ ఒకే హద్దు ఉండదు. మీ ప్రాసెసర్‌కు ఇంటెల్ నిర్ణయించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 100 డిగ్రీలు. ఏఎండీ రైజెన్ 5 5600కు అది 90, రైజెన్ 5 7600కు 95. అందువల్ల 91 అనే అంకె 5600లో కనిపిస్తే హద్దు దాటినట్టు, మీ దాంట్లో కనిపిస్తే ఇంకా 9 డిగ్రీల వెసులుబాటు ఉన్నట్టు. హద్దుకు చేరిన ప్రాసెసర్ ఉన్నట్టుండి కాలిపోదు. ముందు తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి అదుపులోకి రాకపోతే కంప్యూటర్‌ను ఆపేస్తుంది.

కాబట్టి ఉష్ణోగ్రతను ఒక్కదాన్నే కాకుండా వేగాన్ని కూడా కలిపి చూడాలి. కంప్యూటర్ లోపలి ఉష్ణోగ్రతలు, వేగాలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ తెరిచి, ప్రాసెసర్‌కు పూర్తి పని పెట్టి పరీక్షించే సినీబెంచ్‌ను అరగంట పాటు నడిపి, ప్యాకేజీ (అంటే మొత్తం ప్రాసెసర్) ఉష్ణోగ్రత, కోర్ల (ప్రాసెసర్‌లోని పని విభాగాల) వేగం, ప్యాకేజీ వాడుతున్న వాట్లు, థర్మల్ థ్రాట్లింగ్ (వేడి వల్ల వేగం తగ్గించుకోవడం) అనే వరుస, ఈ నాలుగూ గమనించండి. ఆరు కోర్లూ పని చేస్తున్నప్పుడు 12400 వేగం 4.0 గిగాహెర్ట్జ్. అది చివరి దాకా నిలబడి, థ్రాట్లింగ్ వరుసలో ‘నో’ అనే ఉంటే కూలర్ తన పని తాను చేస్తున్నట్టే. అక్కడ ‘యెస్’ అని వచ్చి వేగం జారడం మొదలైతే, అది నిస్సందేహంగా ఎక్కువ వేడి. బయోస్‌లో (విండోస్ మొదలయ్యే ముందు తెరవగల కంప్యూటర్ అమరికల తెరలో) కనిపించే అంకెతో మాత్రం ఏదీ తేల్చకండి. విద్యుత్తు ఆదా చేసే ఏర్పాట్లు అక్కడ పూర్తిగా పని చేయవు కనుక, ఖాళీగా ఉన్నా అది ఎక్కువే చూపుతుంది.

జవాబు (వరంగల్ నుంచి)

పై మిత్రులు చెప్పింది నిజమే కానీ, మన ఊళ్ళో 9 డిగ్రీల వెసులుబాటును నేను చాలినంత అనుకోను. గది 4 డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. బయట 44 ఉన్న రోజున, కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తూ గదిలో ఫ్యాన్ కూడా తిరగని వేళ, ఆ వెసులుబాటు ఎంత మిగులుతుందో ఆలోచించండి.

అందుకే నేను ఎప్పుడూ గది ఉష్ణోగ్రతను తీసివేసి చూస్తాను. 91 నుంచి 38 తీసేస్తే 53. ఇదే కంప్యూటర్, ఇదే పని, జనవరిలో 22 డిగ్రీల గదిలో అయితే సుమారు 75 చూపుతుంది. ఏసీ గదుల్లో తీసిన యూట్యూబ్ పరీక్షల అంకెలతో మన మే నెల అంకెలను నేరుగా పోల్చి బెంబేలెత్తడం అనవసరం.

ఇక వేడి ఎలా పెరుగుతోందో చూడండి. పని మొదలైన రెండు మూడు క్షణాల్లోనే 90 దాటితే, కూలర్ ప్రాసెసర్‌కు సరిగా ఆనడం లేదన్నమాట. ఈ కూలర్‌ను నొక్కి బిగించే నాలుగు పిన్నుల్లో ఒకటి పూర్తిగా దిగకపోవడం చాలా మామూలు. అలా కాకుండా నిమిషాల తరబడి మెల్లగా ఎక్కితే, క్యాబినెట్‌లో వేడి గాలి బయటికి పోవడం లేదని అర్థం. పక్క పలక తీసి అదే పరీక్ష మళ్ళీ చేస్తే ఈ సంగతి తేలిపోతుంది.

ఎనుమాముల మార్కెట్ వైపు ఉండేవారికి ఇంకొక మాట: పత్తి సీజన్‌లో సన్నని నూగు హీట్‌సింక్ (కూలర్‌లో వేడిని పీల్చుకునే లోహపు భాగం) రేకుల మధ్య చేరి గాలిని అడ్డుకుంటుంది. ఎయిర్ కూలర్ గాలి గదిని చల్లబరుస్తుంది కానీ, ఆ తేమ నేరుగా క్యాబినెట్‌లోకి పోయేలా ఎదురుగా పెట్టకండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. చెప్పినట్టే చేశాను. అరగంట సేపూ వేగం 4.0 దగ్గరే ఉంది, థ్రాట్లింగ్ ‘నో’ అనే చూపింది, ప్యాకేజీ 76 వాట్లు వాడింది. వేడి ఒక్కసారిగా పెరగలేదు. 80 నుంచి 91కి చేరడానికి పది నిమిషాల దాకా పట్టింది. పక్క పలక తీస్తే, గది 38 దగ్గరే ఉన్నా, 84 దగ్గర ఆగింది.

జవాబు (మంచిర్యాల నుంచి)

అయితే కూలర్ బిగింపు, పేస్ట్ (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడిని చేరవేసే పూత) బాగానే ఉన్నాయి. పలక తీయగానే 7 డిగ్రీలు తగ్గిందంటే, గాజు పలక వెనుక గాలి ఊపిరాడక అదే వేడి గాలి మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. పలక తీసే ఉంచితే దుమ్ము చేరుతుంది కాబట్టి అది శాశ్వత మార్గం కాదు. వెనుక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి గాలిని బయటికి తోసేలా పెట్టండి. ఫ్యాన్‌కు మోటారును పట్టి ఉంచే అడ్డ కమ్మీలు ఉన్న వైపు నుంచే గాలి బయటికి వస్తుందని గుర్తుంచుకొని బిగించండి. క్యాబినెట్‌ను టేబుల్ అరలోంచి తీసి గోడకు జానెడు దూరంలో ఉంచండి.

ఖర్చు లేని ఉపాయం కూడా ఉంది. గది వేడి మీద పెరిగే డిగ్రీలు వాడే వాట్లకు దాదాపు అనులోమంగా ఉంటాయి. బయోస్‌లో దీర్ఘకాల విద్యుత్ పరిమితిని ఈ ప్రాసెసర్ బేస్ పవర్ అయిన 65 వాట్లకు కట్టేస్తే, 53 కాస్తా 45కి దిగి, పలక మూసి ఉన్నా 83 ప్రాంతంలో నిలవాలి. వేగం కొద్దిగా తగ్గి రెండరింగ్ కాస్త ఆలస్యమవుతుంది. వానలు పడ్డాక ఆ పరిమితిని తీసేయవచ్చు. రోజంతా రెండరింగే పని అయితే టవర్ కూలర్ (నిలువుగా ఉండే పెద్ద కూలర్) కొనడం మేలు, కానీ ఫ్యాన్ పెట్టి చూశాకే ఆ డబ్బు ఖర్చు చేయండి.

ఈ రోజు అంకెలను, గది ఉష్ణోగ్రతతో సహా, రాసి పెట్టుకోండి. కొన్ని నెలల తర్వాత ఇదే పరీక్షలో గదికీ ప్రాసెసర్‌కూ మధ్య తేడా 10 డిగ్రీలు పెరిగిందనుకోండి, ముందు దుమ్ము దులిపి చూడండి. అప్పటికీ తగ్గకపోతే పేస్ట్ మార్చండి.