అప్‌డేట్: కడప ఇంట్లో జెల్లీఫిన్, కోడి రెండింటినీ ఉంచుకున్నాను

హార్డ్ డిస్కులో దాచుకున్న సినిమాలను, కచేరీలను కడపలోని మా ఇంట్లో అందరూ తేలికగా చూసేందుకు జెల్లీఫిన్ సర్వర్ (వీడియోలను ఒకచోట ఉంచి ఇంట్లోని తెరలన్నింటికీ పంపే సాఫ్ట్‌వేర్) పెట్టాలా, నాణ్యత తగ్గకుండా టీవీకి కోడి (Kodi అనే వీడియో ప్లేయర్ సాఫ్ట్‌వేర్) ఉన్న పెట్టెను కలపాలా అని ఇదివరకు అడిగాను. సలహా ఇచ్చినవారందరికీ కృతజ్ఞతలు, రెండింటినీ పరీక్షించాను.

ఫైల్ ఉన్నదున్నట్టుగా టీవీకి చేరుతున్నదా, దారిలో మళ్లీ ఎన్‌కోడ్ అవుతున్నదా (నాణ్యత తగ్గేలా కొత్తగా కుదించబడుతున్నదా) అన్నదే అసలు విషయం. బ్లూరే డిస్కుల సబ్‌టైటిళ్లు అక్షరాలుగా కాక బొమ్మలుగా ఉంటాయి కనుక, టీవీలోని యాప్ వాటిని చూపలేనప్పుడు, సర్వర్ వాటిని దృశ్యంలోనే కలిపివేయడానికి వీడియో మొత్తాన్ని తిరిగి ఎన్‌కోడ్ చేస్తుంది. చీకటి సన్నివేశాలలో నాకు మచ్చలు కనబడింది అందువల్లనే. సబ్‌టైటిళ్లను ఎస్‌ఆర్‌టీ ఫైళ్లుగా, అంటే ఉత్త అక్షరాలుగా, మార్చాక ఆ ఇబ్బంది పూర్తిగా తొలగిపోయింది.

4కె బ్లూరే ఫైళ్ల సంగతి వేరు. వాటి బిట్‌రేటు, అంటే డేటా ప్రవాహ వేగం, సెకనుకు 128 మెగాబిట్ల వరకు వెళ్లగలదు. చాలా టీవీల ఈథర్‌నెట్ పోర్టు (నెట్‌వర్క్ కేబుల్ పెట్టే చోటు), మా టీవీదీ అంతే, సెకనుకు 100 మెగాబిట్లకే పరిమితం. అందుచేత సర్వర్ ఎంత శక్తిమంతమైనదైనా బరువైన ఘట్టాలలో బొమ్మ ఆగిపోయేది. ఆ కొద్ది ఫైళ్లను గిగాబిట్ (సెకనుకు 1000 మెగాబిట్ల) పోర్టు ఉన్న కోడి పెట్టెలోనే చూస్తున్నాము.

మిగిలినవన్నీ జెల్లీఫిన్‌లోనే ఉన్నాయి. హాల్లో సగం చూసిన సినిమాను అమ్మ తన గదిలో ఆగినచోటి నుంచే కొనసాగించగలుగుతున్నది. ఆ సౌకర్యం చిన్నదని నేను అనుకోను. ఇక ట్రూహెచ్‌డీ ధ్వనిని (బ్లూరేలలో ఉండే, నాణ్యత తగ్గని ధ్వని రూపం) రిసీవరుకు (స్పీకర్లను నడిపే పెట్టెకు) మార్పులేకుండా పంపే అమరిక ఒక్కటే మిగిలింది.