బెల్జియం గ్లాసా, ఫిరోజాబాద్ గ్లాసా? జుమ్మెరాత్ బజార్‌లో దొరికిన వేజ్ మీద చర్చ

పాతసామాన్ల పిచ్చి (హైదరాబాద్)
జుమ్మెరాత్ బజార్‌లో ఒక ఫ్లవర్ వేజ్ కొన్నాను. జానెడు ఎత్తు. ఒక చెయ్యి పువ్వు లాంటి గొట్టాన్ని పట్టుకున్నట్టు ఉంటుంది, మణికట్టుకు గాజు కూడా ఉంది. నారింజ రంగు. ఎండలో తిప్పితే నీళ్ల మీద కిరసనాయిలు తెట్టులా ఊదా, ఆకుపచ్చ మెరుస్తాయి. అడుగున పేరు లేదు. అమ్మినాయన ‘బెల్జియం మాల్, నిజాం కాలంది’ అన్నాడు. నాకూ నమ్మబుద్ధి అవుతోంది. చౌమహల్లా ప్యాలెస్‌లో షాండ్లియర్లు బెల్జియంవే కదా! మీరేమంటారు?

బెజవాడ అక్క
తమ్ముడూ, అది బెల్జియం కాదు. ఉత్తరప్రదేశ్‌లోని ఫిరోజాబాద్‌ది. అక్కడి జైన్ గ్లాస్ వర్క్స్ వాళ్లు ఇలాంటి మెరుపు గాజు చేసేవాళ్లు. చెయ్యి, చేప, ఏనుగు ఆకారాల వేజ్‌లంటే ముందు వాళ్లే గుర్తొస్తారు. మన దగ్గర కాస్త తళుక్కుమన్న గాజంతా బెల్జియం అయిపోతుంది. దుకాణాల్లో ఈ మాట విని విని విసుగొచ్చింది.

పాతసామాన్ల పిచ్చి
జైన్‌ది అయితే అడుగున పేరు ఉండాలి కదక్కా?

బెజవాడ అక్క
పేరు ఉండేది మంచినీళ్ల గ్లాసులకి. వాటిలో కొన్నింటి అడుగున ‘జైన్’ అని ఇంగ్లిష్ అక్షరాలు అచ్చులోనే వచ్చి ఉంటాయి. వేజ్‌కి పేరు లేదని విదేశీ అనేస్తే ఎలా? గోటితో పక్కల తడిమి చూడు. పైనుంచి కిందికి సన్నటి గీత తగిలితే అది అచ్చులో పోసిన గాజు. చౌమహల్లాలో ఉన్నది సానబట్టిన క్రిస్టల్, దాని దారి వేరు.

ఒహాయో తెలుగువాడు
అక్క చెప్పింది నిజం, కాకపోతే గీత ఒక్కటే చాలదండి. బెల్జియంలో వాల్ సెయింట్ లాంబెర్ట్ అనే గాజు కంపెనీ వాళ్లు కూడా 1930లలో అచ్చు గాజు చేశారు. కాబట్టి ఆకారం చూడాలి.

మెరుపును బట్టి కాలం అసలే చెప్పలేం. దీన్ని ఇక్కడ అమెరికాలో కార్నివాల్ గ్లాస్ అంటారు. గాజు ఇంకా వేడిగా ఉండగానే లోహ లవణాలు చల్లుతారు, పైన పలచటి పొర ఏర్పడుతుంది. వెస్ట్ వర్జీనియాలో ఫెంటన్ కంపెనీ 1907లో మొదలుపెట్టింది. 1970లలో మళ్లీ అదే కంపెనీ కొత్తవి చేసింది, వాటికి కోడిగుడ్డు ఆకారపు గీతలో పేరు వేసింది. నార్త్‌వుడ్ అనే మరో అమెరికా కంపెనీ గుర్తు సున్నాలో ‘ఎన్’, దాని కింద గీత. ఆ గుర్తుకీ నకళ్లు వచ్చాయి. మీ వేజ్ అడుగున మెరుపు లేని చోట చూసి, లోపలి గాజు అసలు రంగేంటో చెప్పండి.

రిటైర్డ్ మాస్టారు (రాజమండ్రి)
ఫిరోజాబాద్‌దే అయితే యాంటిక్ అనకూడదు బాబూ. మన 1972 చట్టం ప్రకారం పురావస్తువు అనాలంటే కనీసం 100 ఏళ్లు నిండాలి. జైన్ వాళ్లు ఈ గాజు 1930లలో మొదలుపెట్టారు. దానికి యాంటిక్ రేటు పెట్టడం దండగ.

బెజవాడ అక్క
మాస్టారూ, చట్టం మాట ఒప్పుకుంటాను. దండగ అంటే మాత్రం ఒప్పుకోను. ఆ ముక్క వెనక కొలిమి దగ్గర నిలబడి ఊపిరి పోసిన మన పనివాళ్లున్నారు. బెల్జియం అంటే కళ్లకద్దుకుని, ఫిరోజాబాద్ అనగానే ధర తగ్గించడం నాకు బాధగా ఉంటుంది.

ఒహాయో తెలుగువాడు
ఇక్కడి కార్నివాల్ సేకర్తలు ఇండియావి వెతికి మరీ కొంటారు మాస్టారూ.

రిటైర్డ్ మాస్టారు
వాళ్లు కొంటే కొననీ. నా అభ్యంతరం తప్పుడు పేరు చెప్పి అమ్మడం మీద.

పాతసామాన్ల పిచ్చి
చూశానండి. గీత ఉంది, అడుగున గాజు తెల్లగా నీళ్లలా ఉంది. సందుల్లో మురికి బాగా పేరుకుంది, స్క్రబ్బర్‌తో తోమనా?

బెజవాడ అక్క
వద్దు తమ్ముడూ! ఆ మెరుపు పైపొరే, గీసుకుపోతే మళ్లీ రాదు. గోరువెచ్చని సబ్బు నీళ్లలో నానబెట్టి, మెత్తటి బ్రష్‌తో తుడువు.