అమ్మ తుంటి ఆపరేషన్ తర్వాత అడుగు వేయడానికి భయపడుతోంది

మల్కాజిగిరి నుంచి రాస్తున్నాను. అమ్మకు 71 ఏళ్లు. బాత్రూమ్‌లో జారిపడి తుంటి ఎముక విరిగింది. రాడ్ వేసి 12 రోజులైంది. కాలి మీద బరువు మోపవచ్చని డాక్టర్ చెప్పారు. కానీ వాకర్‌ను వేళ్లు తెల్లబడేలా బిగించి పట్టుకుని, "రేపు నడుస్తాలేరా" అంటుంది. బలవంతం చేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మా అత్తయ్యదీ ఇదే భయం. డాక్టర్‌ని అడిగి, ఫిజియో వచ్చే అరగంట ముందు నొప్పి మాత్ర వేసేవాళ్లం. మంచం నుంచి కిటికీ దాకా నాలుగడుగులు, అంతే. పడుకునే ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు, అది పెద్ద ప్రమాదం.

జవాబు: పిక్క వాచి నొప్పి పుడితే మాత్రం వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు ఆపరేషన్ కాలు.

మళ్లీ నేనే: ఈరోజు కిటికీ దాకా వచ్చిందండీ! కింద బండి అతన్ని కేకేసి బెండకాయల ధర అడిగింది.