చిగుళ్ల జబ్బుకి లేజర్ అవసరమా, బిల్లు పెంచడానికా?

గుంటూరు కుర్రాడు: అమ్మకి షుగర్. పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. కొత్తపేటలో ఒక డాక్టరుగారు డీప్ క్లీనింగ్ చాలన్నారు. ఇంకొకాయన లేజర్ అయితే కోత, కుట్లు ఉండవంటున్నారు. ఖర్చు మూడింతలు. ఎవరి మాట వినాలి?

బెజవాడ పళ్ల డాక్టర్: నా క్లినిక్‌లోనూ డయోడ్ అనే రకం లేజర్ ఉంది. అయినా మొదటాయన మాటే వినండి. పంటి వేరుకి పట్టిన గారను గీకి తీయాల్సిందే, డయోడ్ దాన్ని తీయలేదు. ఆ కాంతిని పీల్చుకునేవి రక్తంలోని హిమోగ్లోబిన్, చిగుళ్లలోని మెలనిన్. క్లీనింగ్‌కి తోడుగా వాడినా అదనంగా ఒరిగేది కొంచెమే. షుగర్ అదుపులో లేకపోతే ఆ కొంచెమూ నిలవదు.

తెనాలి లక్ష్మి: మరీ తీసిపారేస్తున్నారండీ! మా పాపకి నాలుక కింద పొర అంటుకుని ఉంటే లేజర్‌తోనే తీశారు. కుట్లు లేవు, సాయంత్రానికి అన్నం తినేసింది.

బెజవాడ పళ్ల డాక్టర్: అలాంటి పనికి నేనూ లేజరే వాడతానమ్మా. కోస్తూనే రక్తనాళాలను మూసేస్తుంది. పిప్పి పన్ను తొలవడానికి మాత్రం ఎర్బియం లేజర్ కావాలి. దాని 2,940 నానోమీటర్ల కాంతిని పంటిలోని నీరు పీల్చుకుంటుంది. అమెరికాలో 1997లోనే అనుమతి వచ్చింది. డ్రిల్ మోత ఉండదు, చాలాసార్లు మత్తు సూదీ అక్కర్లేదు. పాత వెండి ఫిల్లింగ్ తీయడానికి మాత్రం పనికిరాదు. ఈ మెషిన్ ఖరీదు చాలా ఎక్కువ, అందుకే లేజర్ బోర్డున్న చాలా చోట్ల ఉండేది డయోడే. పెళ్లి ఫొటోల కోసం నల్ల చిగుళ్లకు రంగు మార్పించేదీ ఎక్కువగా దాంతోనే. నలుపు జబ్బు కాదు, పైగా కొన్నేళ్లకు మళ్లీ రావచ్చు.

అరండల్‌పేట పెరియో (చిగుళ్ల డాక్టర్): సార్, అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. ఎన్‌డీ యాగ్ అనే ఇంకో రకం లేజర్‌తో చేసే చిగుళ్ల చికిత్సకి అమెరికాలోనే 2004లో అనుమతి ఉంది.

బెజవాడ పళ్ల డాక్టర్: ఉంది. అనుమతి రావడం వేరు, మామూలు పద్ధతి కంటే మెరుగని తేలడం వేరు. అయినా ఆ అబ్బాయికి చెప్పింది ఏ లేజరో?

గుంటూరు కుర్రాడు: ఫోన్ చేసి అడిగానండి. "లేటెస్టు" అన్నారు.

అరండల్‌పేట పెరియో: హహ్హ. అయితే ముందు క్లీనింగ్ చేయించు తమ్ముడూ. ఆరు వారాలాగి పాకెట్ల (పంటికీ చిగురుకీ మధ్య పడే సందుల) లోతు కొలిపించు. ఐదారు మిల్లీమీటర్లు మిగిలి, ఇంకా రక్తం వస్తుంటే అప్పుడు ఫ్లాప్ సర్జరీయా (చిగురు కోసి తెరిచి శుభ్రం చేసి కుట్లు వేయడం), లేజరా అన్నది చూద్దాం.