విండోస్ 11లో టాస్క్‌బార్‌ని కిందే కట్టిపడేయడం సబబేనా?

పాలకొల్లు డీటీపీ (జులై 2021)

జూన్ 24న మైక్రోసాఫ్ట్ విండోస్ 11 చూపించిన దగ్గర్నుంచి ఎక్కడ చూసినా స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చిందన్న గోలే. నా బాధ అది కాదండి. సెట్టింగ్స్‌లోకి వెళ్తే దాన్ని మళ్లీ ఎడమవైపుకి జరుపుకోవచ్చు. దెబ్బ ఇంకోచోట తగిలింది. తీసేస్తున్న సౌకర్యాల జాబితాలో మైక్రోసాఫ్టే రాసింది: టాస్క్‌బార్, అంటే స్టార్ట్ బటనూ తెరిచిన ప్రోగ్రాముల బటన్లూ ఉండే పట్టీ, ఇక స్క్రీన్ అడుగునే ఉంటుంది. పైకి గానీ పక్కకి గానీ పెట్టుకోనివ్వరు.

మాది పెళ్లికార్డులు, కరపత్రాలు చేసే షాపు. మానిటర్లన్నీ 1366×768వి. అడ్డంగా చోటుంటుంది, నిలువునా ఇరుకు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో కార్డు తెరిస్తే పైన ‘శ్రీరస్తు శుభమస్తు’ నుంచి కింద ‘బంధుమిత్రుల అభినందనలతో’ దాకా ఒక్క చూపులో కనపడాలి. పార్టీ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. పెళ్లికూతురి తాతగారి పేరు పెద్దక్షరాల్లో వేయమంటారు, ముహూర్తం లైను ఇంకాస్త కిందకి దింపమంటారు. దింపగానే మొత్తం కార్డు ఎలా ఉందో చూస్తారు. అందుకే మేం టాస్క్‌బార్‌ని ఎడమ అంచున నిలబెట్టుకుంటాం. విండోస్ 10లో ఆ పట్టీ ఎత్తు 40 పిక్సెళ్లు, 11లో 48. ఉన్న 768లో అడుగున 48 పోయి, పైన మెనూలూ రూలరూ పోతే, ప్రతి దిద్దుబాటుకీ స్క్రోల్ చేయడమో, అక్షరం కనపడనంత చిన్నది చేసుకోవడమో తప్పదు. శ్రావణం ముహూర్తాలప్పుడు ఇది ఎంత నరకమో ఊహించండి.

విండోస్ 95 నుంచీ ఉన్న వీలు ఇది. తీసేయడం సబబేనా?

భీమవరం బీటెక్

అన్నా, ఒక్క పట్టీ కోసం మొత్తం మార్పునే తప్పు పట్టకండి. మాగ్జిమైజ్ బటన్ మీద మౌస్ పెడితే స్నాప్ లేఔట్లు వస్తున్నాయి చూశారా? ఒకపక్క ఆన్‌లైన్ క్లాసు, ఇంకోపక్క కోడ్, మూల నోట్సు, అన్నీ ఒక్క క్లిక్కులో సర్దుకుంటున్నాయి. కోవిడ్ వచ్చిన దగ్గర్నుంచి మా చదువంతా ల్యాప్‌టాప్ మీదే, మాకు ఇది నిజంగా పనికొచ్చేది. ప్రతి పాత వీలునీ మోసుకుంటూ పోతే ప్రతిదానికీ మళ్లీ కోడ్ రాయాలి, టెస్ట్ చేయాలి. పక్కన పెట్టుకునేవాళ్లు ఎంతమంది ఉంటారన్నా?

నరసాపురం రొయ్యల లెక్కలు

తమ్ముడూ, ఎంతమంది అని కాదు, ఏ పనిలో ఉన్నవాళ్లు అని అడగాలి. నా సంగతి వేరే. సరుకు దిగే రాత్రి నాకు కౌంటుకొక (కౌంటంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఎక్సెల్ షీటు తెరిచి ఉంటుంది: 30 కౌంటు, 40 కౌంటు, 60, 100. ఇప్పుడు టాస్క్‌బార్ మీద ఒక్కోదానికీ పేరుతో వేరే బటన్ ఉంది, చూసి నొక్కుతాను. విండోస్ 11 ప్రివ్యూలో, అంటే అమ్మకానికి ముందు పరీక్షకి ఇచ్చిన దాంట్లో, పేర్లు తీసేశారు. షీట్లన్నీ ఒకే ఎక్సెల్ బొమ్మ కింద పోగుపడుతున్నాయి. విడివిడిగా చూపించమనడానికి సెట్టింగే లేదు. బొమ్మ మీద మౌస్ పెట్టి, అన్నీ ఒకేలా కనపడే చిన్న బొమ్మల్లో నాకు కావాల్సింది వెతుక్కోవాలి. లారీ బయట నిలబడి ఉంటే, ఆ తొందరలో 60 కౌంటు సరుకు 40 కౌంటు షీటులో పడితే రైతుకి రేటే మారిపోతుంది. అందం కోసం పేరు తీసేయకూడదండి.

మండపేట రైస్‌మిల్లు

మా సిస్టమ్‌లో ఉన్నది ఇంటెల్ నాలుగో తరం ఐ3 ప్రాసెసర్. కొత్తదానికి ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కావాలట. కాబట్టి మాకు ఎలాగూ రాదు. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14 దాకా అప్‌డేట్లు ఇస్తామన్నారు. ఈలోగా కొత్త సిస్టమ్ కొంటే అది 11తోనే వస్తుంది, అందుకని చదువుతున్నాను.

అమలాపురం కంప్యూటర్ క్లాసులు

నేను రెండువైపులా చెబుతాను. మా దగ్గరికొచ్చే పిల్లలు ఫోన్ చేతిలో పట్టుకుని పెరిగినవాళ్లు. వాళ్లకి ఐకాన్లు మధ్యలో ఉంటేనే తేలిక. స్టార్ట్ మెనూలో టైల్స్ తీసేసి వరసగా పేర్చడం కూడా నాకు నచ్చింది. కానీ రైట్ క్లిక్ మెనూ మాత్రం వాళ్లకే కష్టం. కట్, కాపీ, రీనేమ్ అన్న మాటలు పోయి ఒట్టి బొమ్మలయ్యాయి. ఫైళ్లని కుదించే విన్‌రార్ లాంటివి ‘ఇంకా చూపించు’ అన్న వరస నొక్కితే గానీ బయటికి రావు. మొదటిసారి మౌస్ పట్టుకున్నవాళ్లకి మాట చదివితే అర్థమవుతుంది, బొమ్మ ఎవరో ఒకరు చెప్పాలి.

పాలకొల్లు డీటీపీ

మాస్టారూ, మీరన్న ఆ మెనూ సంగతే నాకు ధైర్యమిస్తోంది. జూన్ 28న వచ్చిన మొదటి ప్రివ్యూలో డెస్క్‌టాప్ మీద రిఫ్రెష్ కూడా ఆ రెండో వరసలోకే పోయింది. జనం అడిగారు. జులై 8 బిల్డ్‌లో దాన్ని మళ్లీ పైకి తెచ్చారు. 2012లో విండోస్ 8 స్టార్ట్ బటన్ తీసేస్తే, మరుసటి ఏడాది 8.1లో తిరిగొచ్చింది. అంటే వింటారు, కాకపోతే అమ్మకానికి రాకముందే చెప్పాలి.

తమ్ముడూ, స్నాప్ లేఔట్లు బాగున్నాయి, ఒప్పుకుంటాను. అవి ఉంచమనే అంటున్నాను. స్టార్ట్‌ని ఎడమకి జరుపుకోనిచ్చినట్టే, పట్టీని పక్కకి పెట్టుకోనివ్వమంటున్నాను, బటన్ల మీద పేర్లు ఉంచుకోనివ్వమంటున్నాను. ప్రివ్యూ వేసుకున్నవాళ్లు విండోస్ కీ, ఎఫ్ కలిపి నొక్కితే ఫీడ్‌బ్యాక్ హబ్ తెరుచుకుంటుంది. ‘బాగోలేదు’ అని రాసి వదిలేయకండి. ఏ పనికి ఏది అడ్డమొస్తోందో రాయండి, రొయ్యల లెక్కలవారు ఇక్కడ రాసినట్టు. ఇంతకుముందే ఎవరైనా అదే అడిగి ఉంటే దానికే ఓటు వేయండి.

తమ్ముడూ, నీ ల్యాప్‌టాప్‌లో ప్రివ్యూ ఉంటే, రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల చిట్టాలో) మారిస్తే పట్టీ పక్కకి వస్తుందేమో కాస్త చూసిపెట్టు.

భీమవరం బీటెక్

చూశానన్నా. పైకి వస్తోంది గానీ పక్కన పెడితే సరిగ్గా రావడం లేదు. షాపు సిస్టమ్‌లో చేయకండి. పక్కన పెట్టుకోనివ్వమని మీ పెళ్లికార్డు సంగతి రాసి హబ్‌లో పెడతాను, స్క్రీన్‌షాట్ ఒకటి పంపండి.