వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్‌లో బ్లూ పాపీ ఫొటో ఊదాగా వస్తోంది, మొక్కల పేర్లూ తేలడం లేదు. సాయం చేయండి

గోదారిగట్టు

నమస్కారమండీ. జూనియర్ కాలేజీలో బోటనీ చెబుతాను. పోయిన ఆగస్టులో ఉత్తరాఖండ్ వెళ్లి వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్, అక్కడి సిక్కుల గురుద్వారా హేమకుండ్ సాహిబ్ చూసొచ్చాను. ఇరవై రెండేళ్లుగా బోర్డు మీద గీసి చెప్పిన కుటుంబాలన్నీ ఒకే వాలు మీద కలిసి పూసి ఉంటే, మొదటి రోజు కాసేపు కెమెరా బయటికి తీయడమే మర్చిపోయాను. తర్వాత మాత్రం ఆగలేదు. నాలుగు రోజుల్లో పదకొండు వందల ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకుంటే ఏడుపొక్కటే తక్కువ.

మొదటి బాధ బ్లూ పాపీ. హేమకుండ్ ఎక్కే దారిలో బండల సందున కనిపించింది. మోకాలెత్తు కూడా లేదు. కాడ నిండా ముళ్లు, పైన తడిసిన పట్టుగుడ్డలా ముడతలు పడ్డ నాలుగు రేకలు, మధ్యలో పసుపు కేసరాల గుత్తి. కంటికి అది వాన వెలిసిన ఆకాశం రంగు. ఫొటోలో వంకాయ రంగు వచ్చింది. వెలుగును బట్టి రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్ ఆటోలోనే ఉంచాను.

రెండోది ఇంకా బాధ. కనపడ్డ పసుపు పువ్వునల్లా తీశాను. అన్నీ పైనుంచి, అన్నీ దగ్గరగా, అన్నిటికీ ఐదు రేకలే. ఏది పొటెంటిల్లా, ఏది జీయమ్, ఇప్పుడు చెప్పలేకపోతున్నాను. ఒక్కదాంట్లోనూ ఆకు లేదు.

ఇంకొకటి. మా వీధిలో బ్రహ్మకమలం అంటే కుండీలో రాత్రిపూట విచ్చుకునే తెల్ల పువ్వు. అది ఎపిఫిల్లమ్, కాక్టస్ జాతిది. హేమకుండ్ దగ్గర పూసే బ్రహ్మకమలం సాసూరియా, పొద్దుతిరుగుడు కుటుంబం. రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి పిల్లలకి చూపించాలని ఎంతో ఆశ. కానీ సాసూరియా మొత్తం తెల్లగా పేలిపోయింది.

ఈ ఆగస్టు రెండో వారంలో మళ్లీ వెళ్తున్నాను. 90 మి.మీ. మాక్రో లెన్స్ ఉంది. మోకాళ్ల నొప్పుల వల్ల పెద్ద ట్రైపాడ్ మోయలేను. దయచేసి చెప్పండి, ఏం మార్చుకోవాలి?

సీతమ్మధార

మేడమ్ గారూ, నేను అక్కడికి నాలుగుసార్లు వెళ్లాను. మొదటి రెండుసార్లూ నాకూ ఇదే అయింది, అందుకని కొంచెం వివరంగా రాస్తున్నాను.

రంగు సంగతి ముందు. కొన్ని నీలం పూల రేకలు నీలంతో పాటు ఎరుపు చివర ఉండే వెలుగును కూడా వెనక్కి పంపుతాయి. అది మన కంటికి సరిగా ఆనదు, సెన్సర్‌కి ఆనుతుంది. అందుకే ఊదా తిరుగుతుంది. మబ్బులో ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని ఇంకా మారుస్తుంది. రా ఫైల్‌లో తీయండి, అంటే తర్వాత రంగు సరిచేసుకోవడానికి వీలుండే ఫైల్. ప్రతి మొక్క దగ్గరా మొదటి ఫొటో గ్రే కార్డుతో (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట), పువ్వు మీద పడే వెలుగే కార్డు మీద కూడా పడేలా తీయండి. అయితే మెకనాప్సిస్ అక్యూలియేటా, అంటే మీ బ్లూ పాపీ, పూలన్నీ ఒకే నీలం కాదు. లేత నీలం నుంచి ఊదా కలిసిన నీలం దాకా ఉంటాయి. అంటే మీ కెమెరా కొన్నిసార్లు నిజమే చెప్పి ఉండొచ్చు. అందుకని అక్కడికక్కడే నోట్‌బుక్‌లో రంగు రాసుకోండి. నేను 'శంఖుపుష్పం కన్నా లేత' అన్నట్టు రాసుకుంటాను. ఇంటికొచ్చేసరికి ఆ రంగు మనసులో చెదిరిపోతుంది.

ఇక పేర్లు తేలకపోవడం. మనం పువ్వు తీస్తున్నాం, మొక్కను తీయడం లేదు. నా రెండో ట్రిప్పులో ఒక పసుపు పువ్వు ముందు నేల మీద పడుకుని అరగంట గడిపాను. ఫొటో చక్కగా వచ్చింది. పేరు మాత్రం ఇప్పటికీ తెలియదు. అప్పటినుంచి ఒక్కో మొక్కకి ఆరేడు ఫొటోలు తీస్తున్నాను: చుట్టూ ఉన్న నేలతో సహా మొత్తం మొక్క, నేలను అంటుకుని ఉన్న ఆకులు, కాడ మీది ఆకులు, ఆకు అడుగు, పువ్వు ఎదురుగా, పక్కనుంచి, వెనకనుంచి. మీ పసుపు పూలకి ఆకులే ఆధారం. జీయమ్ ఇలేటమ్‌కి అడుగున ఈకలా పొడుగాటి ఆకు ఉంటుంది, పెద్ద పత్రకాల మధ్య చిన్నవి. పొటెంటిల్లా ఆర్జిరోఫిల్లాకి మూడు పత్రకాలే, అడుగు వెండిలా తెల్లగా ఉంటుంది. ఆకు తిప్పి ఒక్క ఫొటో తీస్తే గొడవ తేలిపోతుంది. బ్లూ పాపీకి మొగ్గ కూడా తీయండి, ఎందుకంటే పువ్వు విచ్చుకోగానే రక్షకపత్రాలు రాలిపోతాయి.

ట్రైపాడ్ వదిలేయండి. చిన్న బియ్యం సంచి ఒకటి చాలు, బండ మీద పెట్టి దానిమీద కెమెరా ఆనించండి. గాలికి కాడలు ఊగుతూనే ఉంటాయి కాబట్టి షట్టర్ వేగం 1/320 సెకనుకి తగ్గనివ్వకండి. అందుకోసం ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 1600 అయినా భయం వద్దు. నూకలా చుక్కలు పడ్డ ఫొటోలో వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు, కదిలిన ఫొటోలో ఏమీ చూడలేం. అపర్చర్ ఎఫ్8 దగ్గర పెట్టి, రేకలకి సమాంతరంగా కెమెరా పట్టుకోండి.

బ్రహ్మకమలం తెల్లగా పేలడానికి కారణం, చుట్టూ ఉన్న నల్లబండలు చూసి కెమెరా వెలుగు పెంచేయడం. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుగు సగానికి, తగ్గించండి. మబ్బులో పువ్వు వెనకనుంచి వెలుగు వచ్చేలా కూర్చుంటే, కాగితంలాంటి ఆ పుచ్ఛాల (పూలని చుట్టి ఉండే ఆకుల్లాంటి పొరల) గుండా లోపలి ఊదా పూల గుత్తి నీడలా కనపడుతుంది. లోపల చూద్దామని పుచ్ఛాలు విప్పేవాళ్లని చూశాను. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. లోపలి పూలకి వాన తగలకుండా కాచేవి అవే.

లోయలో ఎక్కువమంది జోన్ మార్గరెట్ లెగ్ సమాధి దాకా వెళ్లి వెనక్కి తిరుగుతారు. ఆవిడ 1939లో అక్కడే మొక్కలు సేకరిస్తూ జారిపడి చనిపోయారు. నేను వెళ్లిన ప్రతిసారీ అక్కడ కాసేపు కూర్చుంటాను. అక్కడినుంచి పుష్పావతి నది వైపు దిగితే గులకరాళ్ల మీద గులాబీ రంగు ఎపిలోబియమ్ పరుచుకుని ఉంటుంది. జనం ఉండరు. కాకపోతే లోయలో రాత్రి ఉండనివ్వరు, సాయంత్రానికి కింద మజిలీ ఊరు ఘంఘారియా చేరాలి. కాబట్టి రోజుకి ఎనిమిది పది మొక్కలు అనుకుని వెళ్లండి.

పెరటిమొక్క

ఫోన్‌తో తీసేవాళ్లకి ఒక మాట. ఫొటోతో పాటు ఆ చోటు కూడా ఫైల్లో నమోదవుతుంది. అక్కడ డాక్టిలోరైజా హటాజిరియా అనే ఆర్కిడ్ పూస్తుంది, చేతివేళ్లలాంటి దాని దుంప కోసం హిమాలయాల్లో తవ్వేస్తున్నారు. అలాంటివాటి ఫొటో పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి. బ్లూ పాపీ కూడా జీవితంలో ఒక్కసారి పూసి, గింజ రాల్చి చచ్చిపోయే మొక్క. కోస్తే ఇక దాని సంతానం లేనట్టే.

వానాకాలం

ఘంఘారియాలో వేడివేడి టీ కొట్టులోకి చల్లటి కెమెరా పట్టుకుని వెళ్లాను. లెన్స్ లోపలంతా ఆవిరి పట్టింది, మర్నాడు పొద్దున్నంతా ఫొటో లేదు. లోపలికి వెళ్లేముందే జిప్ కవర్లో పెట్టి మూసేసి, అరగంట ఆగి తీయండి. బ్యాటరీలు లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోండి, చలికి తొందరగా దిగిపోతాయి.

గోదారిగట్టు

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. సీతమ్మధార గారూ, మీరు రాసింది చదివి పొద్దున్నే మా గోడ మీది శంఖుపుష్పం మీద ప్రయత్నించాను. ఆటోలో తీస్తే ఊదా వచ్చింది! గ్రే కార్డు పెట్టి రా ఫైల్ సరిచేస్తే నీలానికి చాలా దగ్గరకి వచ్చింది. ఒకే పువ్వు రెండు ఫొటోలూ ప్రింటు తీయించి నోట్‌బుక్‌లో అంటించాను, కొండ మీద దాన్ని పక్కన పెట్టుకుని చూస్తాను. కిలో బియ్యంతో సంచి కూడా కుట్టేశాను.

ఒక్క అనుమానం. హేమకుండ్ నాలుగు వేల మూడు వందల మీటర్లు దాటుతుంది కదా, ఊపిరి బిగపట్టి బటన్ నొక్కుదామంటే పోయినసారి ఆయాసంతో చేయి నిలవలేదు. మీరు ఎలా చేస్తారు?

సీతమ్మధార

బిగపట్టకండి మేడమ్. ఊపిరి మెల్లగా వదులుతూ, వదలడం అయిపోయే క్షణంలో వరసగా నాలుగైదు తీయండి, ఒకటి నిలుస్తుంది. పాపీలు హేమకుండ్ సరస్సు దాకా వెళ్లకముందే దారి పక్కన బండల్లో వస్తాయి, కాబట్టి వాటిని ఎక్కేటప్పుడు కాకుండా దిగేటప్పుడు తీయండి. ఘంఘారియా నుంచి తెల్లారకముందే బయల్దేరితే దిగేటప్పుడు తొందర ఉండదు.