చొక్కా గుండీలు ఎవరు పెట్టాలి? ఆక్యుపేషనల్ థెరపీలో వృత్తి దృక్పథంపై చర్చ

ఇంటర్న్‌_విద్యార్థిని:
ఇంటర్న్‌షిప్ ముగిసేలోగా ఆక్యుపేషనల్ థెరపిస్టుగా, అంటే జబ్బు, గాయం వంటి వాటివల్ల ఇబ్బంది పడేవారు రోజువారీ పనులు చేసుకోగలిగేలా సాయపడే వ్యక్తిగా, నా వృత్తి దృక్పథాన్ని ఒక పేజీలో రాసి ఇవ్వాలి. ఇప్పటికి మూడు చిత్తుప్రతులు రాశాను. మూడింటిలోనూ స్వావలంబన, వ్యక్తి కేంద్రిత సేవ వంటి మాటలే ఉన్నాయి తప్ప నేను చేసే పని కనిపించడం లేదు. పని, ఆట, విశ్రాంతి, నిద్రల మధ్య సమతూకమే ఆరోగ్యానికి ఆధారమని మనోరోగ వైద్యుడు అడాల్ఫ్ మేయర్ 1922లో ప్రచురించిన వ్యాసంలో చెప్పిన మాట నచ్చింది. అయితే వార్డులో రోగి ఎదుట నిలబడినప్పుడు దానిని ఎలా ఆచరించాలో తెలియడం లేదు. మీ దృక్పథం మారిన సందర్భం ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి.

గుండీలపెట్టె:
నాది ఒక ఓటమితో మారింది. పక్షవాతంతో కుడిచేయి బలహీనపడిన ఒక పెద్దాయనకు తనంతట తాను దుస్తులు వేసుకోవడమే లక్ష్యంగా పెట్టి, గుండీల కొక్కెం వాడడం నేర్పించి, మూడు వారాలకు రికార్డులో ‘సాయం అక్కరలేదు’ అని గర్వంగా రాసుకున్నాను. నెల తరువాత వచ్చినప్పుడు గుండీలు భార్యే పెడుతున్నారని తెలిసి కొంత నొచ్చుకున్నాను కూడా. ఆయన మాత్రం తాపీగా, ‘చొక్కా వేసుకునేసరికే నలభై నిమిషాలయ్యేది, ఆ తరువాత గడియారాలు విప్పడానికి చేతిలో సత్తువ మిగిలేది కాదు’ అన్నారు. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి అని నా నోట్సులో మొదటి రోజే ఉంది! ఏ పని ఎంత ముఖ్యమో, ఎంత బాగా చేయగలుగుతున్నారో, అందులో తృప్తి ఎంతో పదికి ఎన్ని మార్కులని రోగినే అడిగే కెనడా వారి కొలమానాన్ని అంతవరకు నేను నింపవలసిన ఫారంగానే చూశాను. అప్పటి నుంచి, ఉన్న కొద్దిపాటి శక్తిని దేనిమీద ఖర్చు పెట్టాలనుకుంటున్నారని మొదట అడుగుతున్నాను.

చేతి_వైద్యం:
గుండీలపెట్టె గారితో ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. శస్త్రచికిత్సలో కుట్టిన టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నరంలాంటి తాడు) పూర్తిగా అతుక్కోకముందే రోగి కోరిన పని చేయిస్తే అది తెగిపోవచ్చు. తొలి వారాల్లో స్ప్లింట్ (చేతిని కదలకుండా పట్టి ఉంచే ఆధారం), పరిమితమైన కదలికలు తప్పవు. వాటిని తక్కువగా చూడడం ఈమధ్య ఒక ఫ్యాషన్ అయింది. శరీర నిర్మాణం తెలియని దృక్పథం ప్రమాదకరమని నా అభిప్రాయం.

పిల్లల_విభాగం:
మా దగ్గర ‘ఎవరి కోరిక’ అన్నదే చిక్కు. తల్లిదండ్రులు చేతిరాత కుదరాలంటారు, ఆ పిల్లవాడేమో బూట్ల లేసు ఊడినప్పుడల్లా ఆట నుంచి తప్పుకోవలసి వస్తోందని ఏడుస్తాడు. నేను లేసుతోనే మొదలుపెట్టాను. ముడి అంతా నేను వేసి చివరి లాగుడు మాత్రం వాడికి వదిలేసేదాన్ని. అది వచ్చాక దాని ముందరి మెట్టు, ఆపై దాని ముందరిది. ఇలా వెనుక నుంచి నేర్పితే ప్రతిసారీ పని పూర్తిచేసింది తానేనన్న సంతోషం పిల్లవాడికి దక్కుతుంది. చేతిరాత సంగతి తరువాత చూసుకున్నాం.

సంరక్షకురాలు:
నేను థెరపిస్టును కాను, మతిమరుపు వ్యాధి ఉన్న అమ్మను చూసుకుంటున్నాను. గుండీలపెట్టె గారూ, ఆ పెద్దాయన కోరిక తెలుసుకున్నారు, బాగుంది. మరి రోజూ గుండీలు పెట్టే ఆవిడను అడిగారా?

గుండీలపెట్టె:
అప్పుడు అడగలేదండీ. ఆ తరువాతి సందర్శనలో అడిగితే, గుండీలతో తనకు ఇబ్బంది లేదని, స్నానానికి ఆయనను లేపి కూర్చోబెట్టేటప్పుడే నడుము పట్టేస్తోందని చెప్పారు. నా లక్ష్యాల జాబితాలో స్నానం లేనే లేదు. స్నానాల గదిలో గోడకు పట్టుకుని లేవడానికి కడ్డీ, కూర్చోవడానికి ఎత్తైన బల్ల ఏర్పాటు చేయించి, ఆవిడ చేయి పట్టకుండానే ఆయన లేచేటట్టు రెండు వారాలు సాధన చేయించాం.

ఇంటర్న్‌_విద్యార్థిని:
అయితే రికార్డులో గుండీల దగ్గర చివరికి ఏమని రాశారు?

గుండీలపెట్టె:
‘చేయగలరు, భార్య సాయం తీసుకుంటున్నారు, ఇద్దరికీ సమ్మతమే’ అని. ఫారంలో దానికి గడి లేదు, అంచున రాశాను.